తామ్రనగరము స్వాన్సీ

మన దేశమున రాగి చెంబు లేని యిల్లు అరుదు. పూజకు పంచపాత్ర, ఉద్ధరిణె, నీళ్ళు నిలువ చేసికొనుటకు బిందె, స్నానమునకు నీళ్ళు కాచుటకు కాగు, ఇవి యన్నియు రాగితో చేసికొనుట మన పూర్వుల యాచారము. అయినను రాయి రూపమున భూమిలో దాగియున్న ఖనిజము తళతళలాడు లోహమగుట ఎట్లు, ఆ పని చేసిన యూళ్ళకు దానివలన కలిగిన లాభమేమి, నష్టమేమి అను ప్రశ్నలు మనకు సాధారణముగా తోచవు. నేడు నేను చెప్పబూనినది అట్టి యొక యూరి చరిత్రము. అది బ్రిటను ద్వీపమునకు పడమట నున్న వేల్సు దేశమున, సముద్రతీరమున నున్నది. దాని పేరు స్వాన్సీ. ఒకానొక కాలమున దానిని తామ్రనగరమని లోకమంతయు పిలిచెను.

వేల్సు దేశమునకు ప్రత్యేకమగు భాష కలదు. ఆ భాషలో ఈ యూరిని అబర్‌తావె యందురు. తావె యను నది సముద్రమున కలియు చోటు అని దాని యర్థము. స్వాన్సీ యను పేరు పూర్వము ఉత్తర సముద్రములనుండి ఓడలలో వచ్చిన నార్సు జాతివారు పెట్టినదనియు, స్వేన్ అనువాని ద్వీపమని దాని భావమనియు పండితుల యభిప్రాయము. 12వ శతాబ్దారంభమున నార్మను ప్రభువులు ఇచ్చట కోట కట్టిరి. దాని శిథిలములు నేటికిని ఊరి నడుమ నిలిచియున్నవి. ఆ పిమ్మట ఆరువందల యేండ్లపాటు ఇది ఒక చిన్న రేవు మాత్రమే. 1801లో బ్రిటనున మొదటి జనసంఖ్య తీసినప్పుడు ఇచ్చట నున్నవారు 6,000 మందికి కొంచెము మించిరి. 1901 నాటికి ఆ సంఖ్య 90,000 దాటెను. ఇంతటి వృద్ధికి తొలి కారణము రాగి.

ఇందొక విచిత్రము కలదు. స్వాన్సీ నేలలో రాగి ఖనిజము లేదు. కొండలు త్రవ్వినను, లోయలు వెదకినను అచ్చట రాగి దొరకదు. అట్లయినను 19వ శతాబ్దపు పూర్వార్ధమున ప్రపంచమున కరగించిన రాగిలో మూడవ వంతునుండి సగము వరకు ఆ యొక్క లోయలోను, దాని చుట్టుపట్లను కరగినదని చరిత్రకారులు చెప్పుచున్నారు. ఖనిజము లేని యూరు లోహమునకు రాజధాని యెట్లయ్యెను?

దీనిని గ్రహించుటకు మన బెల్లపు వంటను తలచుకొనుడు. బెల్లము వండువారు చెరకు తోట దగ్గరనే గానుగ పాతి, అచ్చటనే పొయ్యి త్రవ్వుదురు. చెరకు బరువు, బెల్లము తేలిక. పొయ్యిలోనికి చెరకు పిప్పియే చాలును. కావున సరకున్న చోటికే పొయ్యి పోవును. రాగి విషయమున ఇది తారుమారు. ఆ కాలపు పద్ధతిలో ఒక పాలు ఖనిజము కరగుటకు ఇంచుమించు మూడు పాళ్ళ నేలబొగ్గు కావలసియుండెను. వంటకు బియ్యము కంటె కట్టెలే మూడు రెట్లు కావలసివచ్చినచో, బియ్యము మూట భుజమున వేసికొని కట్టెలున్న చోటికి మనమే పోవుదుము గదా. రాగి ఖనిజము అట్లే బొగ్గును వెదకికొనుచు స్వాన్సీకి వచ్చినది.

స్వాన్సీకి దక్షిణమున, సముద్రపు పాయకు ఆవలి యొడ్డున కార్న్‌వాల్ అను సీమ కలదు. అచ్చట రాగి గనులు మెండు, నేలబొగ్గు సున్న. స్వాన్సీలో నేలబొగ్గు భూమికి అంత లోతున గాక, నదికి చేరువనే దొరకెడిది. తావె నదిలో సముద్రపు పోటు సుమారు మూడు మైళ్ళ వరకు ఎగబ్రాకును. పోటుతోబాటు ఓడలు కొలుముల గుమ్మము వరకు వచ్చి ఖనిజము దింపి, పాటుతో వెనుకకు మరలవచ్చును. అంతేకాదు. కార్న్‌వాల్ గనులలో ఊట నీరు తోడివేయుటకు ఆవిరి యంత్రములు పెట్టిరి. ఆ యంత్రములకు బొగ్గు కావలయును. కావున ఖనిజము తెచ్చిన ఓడ బొగ్గు నింపుకొని పోయెడిది. పోవునపుడును వచ్చునపుడును కిరాయి దొరకిన బండివానికి నష్టమెక్కడిది? స్వాన్సీ భాగ్యమునకు ఇదియే మూలము.

ఈ సీమలో రాగి కరగించుట మొదట 1584లో స్వాన్సీకి పొరుగున నున్న నీత్ లోయలో, అబర్‌డూలైస్ అను చోట ప్రారంభమయ్యెను. అది కొలది కాలమే సాగెను. తావె లోయలో తొలి రాగి కొలిమి 1717లో లాన్డోర్ అను చోట వెలసెను. 1737లో నది తూర్పుటొడ్డున వైట్‌రాక్ కర్మాగారము కట్టిరి. ఆ తరువాత ఒకదాని వెంట నొకటి పుట్టి, నదికి ఇరువైపుల పొగగొట్టములు వరుసలు తీరెను. 1810లో కార్న్‌వాల్ నుండి వచ్చిన వివియన్ వంశమువారు హవోడ్ అను చోట కర్మాగారము స్థాపించిరి. ఆ వంశమున జాన్ హెన్రీ వివియన్ జర్మనీలో గనుల శాస్త్రమును చదివి వచ్చినవాడు. అతని పాలనలో హవోడ్ ప్రపంచ ప్రసిద్ధి గాంచెను. పిమ్మట దాని సరసనే మోర్వా అను మరియొక కర్మాగారమున రాగిని రేకులుగా సాగదీయు పని మొదలయ్యెను.

ఇక రాగి తీయు విధానమును కొంత వివరింతును. దీనికి లోకమున వేల్సు పద్ధతి యని పేరు. రాగి ఖనిజమున రాగితోబాటు గంధకము, ఇనుము, కొన్నిచోట్ల పాషాణమను విషమును కలిసియుండును. వీనిని వేరుచేయుటయే కొలిమివాని పని. ఈ కొలిమిలో నిప్పు ఒక యరలోను, ఖనిజము వేరొక యరలోను ఉండును. రెంటికి నడుమ పొట్టి గోడ, పైన వంపు తిరిగిన కప్పు. మంట గోడను దాటి, కప్పునకు తగిలి, క్రిందికి వంగి ఖనిజముపై ప్రసరించును. బొగ్గునకును ఖనిజమునకును స్పర్శ లేదు గనుక బొగ్గులోని మాలిన్యము లోహమునకు అంటదు. కట్టెబొగ్గుతో గాక నేలబొగ్గుతో రాగి తీయుట ఈ యుపాయము వలననే సాధ్యమయ్యెను.

మొదట ఖనిజమును ముక్కలుగా కొట్టి, కొలిమిలో పరచి, కరగనీయక గంటల తరబడి కాల్తురు. గంధకములో కొంత మండి పొగయై పోవును. పిమ్మట వేడి హెచ్చించి కరగింతురు. ఇనుము ఇసుకతో కూడి చిట్టెమై పైకి తేలును. రాగియు, మిగిలిన గంధకమును గల బరువైన ద్రవము అడుగున నిలుచును. పైనున్న చిట్టెమును లాగివేసి, అడుగు ద్రవమును నీటిలోనికి విడిచి గింజలు కట్టించి, ఆ గింజలను మరల కాల్చి మరల కరగింతురు. ఇట్లు కాల్చుటయు కరగించుటయు పలుమారులు జరిగినగాని రాగి శుద్ధి కాదు. ఇంతగా బొగ్గు కావలసివచ్చుటకు కారణ మిదియే.

కడపటి కొలిమిలో కరగిన రాగిపై బొగ్గుపొడి చల్లి, పచ్చి కొయ్యదుంగ నొకదానిని అందు ముంచెడివారు. పచ్చి కొయ్య కాలుచు వెలువరించు ఆవిరులు రాగిలో కలిసియున్న ప్రాణవాయువును లాగికొనును. ఇది తక్కువైనను, మించినను రాగి పెళుసగును. కావున పనివాడు మాటిమాటికి గరిటెతో కొంచెము రాగి తీసి, చల్లార్చి, సమ్మెటతో మోది, విరిచి, లోపలి రంగును చూచి పాకము కుదిరినదో లేదో చెప్పెడివాడు. చల్లని నీటిలో బెల్లపు పాకము వేసి, వ్రేళ్ళతో ఉండ కట్టి చూచువాని నేర్పును ఎరిగినవారికి ఈ రాగి పాకము చూచువాని నేర్పు వేరుగా చెప్పనక్కరలేదు. తండ్రి చేత పట్టి కొడుకునకు నేర్పిన విద్య యది.

ఇంత రాగి ఏమయ్యెనని మీరడుగవచ్చును. కొయ్య ఓడల యడుగును సముద్రపు పురుగులు తొలిచివేయును. నాచును గుల్లలును అంటుకొని ఓడ వేగము తగ్గును. అందుచేత 1780 ప్రాంతమున బ్రిటిషు నౌకాదళము తన యుద్ధనౌకల యడుగులకు రాగి రేకు తొడిగించెను. వర్తకుల ఓడలును అదే దారి పట్టెను. కాగులు, బానలు, నాణెములు, ఇత్తడి సామగ్రి, పిమ్మట తంతితీగలు, ఆవిరి యంత్రముల గొట్టములు, వీనియన్నిటికి రాగియే.

మన దేశమునకును ఇందులో పాలు కలదు. 18వ శతాబ్దమున ఈస్టు ఇండియా కంపెనీవారు బ్రిటనులో కరగిన రాగిని పెద్ద మొత్తములలో ఓడల కెక్కించి భారతదేశమున అమ్ముచుండిరి. 1794లో ఉత్తర సర్కారులకొరకు, రూపాయికి 48 చొప్పున చెల్లు రాగి నాణెములను బర్మింగుహాములోని సోహో టంకశాలలో అచ్చువేయించి పంపిరి. నేడు సొమ్మునకంతటికి మనము వాడు డబ్బు అను మాట మొదట ఒక రాగి నాణెమునకు పేరు. ఆ దినములలో బ్రిటనునందలి రాగిలో అత్యధిక భాగము స్వాన్సీ పరిసరములలో కరగినదే. కావున మన తాతముత్తాతలు రొండిన దోపుకొన్న డబ్బునకును, తావె లోయ పొగకును సంబంధము లేదని చెప్పజాలము.

రాగితో చేసిన పుణ్యకార్యములే గాక పాపకార్యములును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. వైట్‌రాక్ కర్మాగారమును పెట్టినవారు బ్రిస్టలు నగరపు వర్తకులు. అచ్చట కడియముల వంటి రాగి, ఇత్తడి వస్తువులు పోతపోసి ఆఫ్రికా తీరమునకు పంపెడివారు. అచ్చట వానిని మూల్యముగా ఇచ్చి మనుష్యులను బానిసలుగా కొనెడివారు. పిమ్మట 1830 మొదలు కూబా ద్వీపమునందలి ఎల్ కోబ్రె గనుల ఖనిజము స్వాన్సీకి రాసాగెను. ఆ గనులను నడపినది బ్రిటిషు కంపెనీయే. తమ సామ్రాజ్యమున బానిసత్వమును రద్దు చేయుచు 1833లో శాసనము చేసిన పిదపను, ఆ దేశపు కంపెనీ కూబాలో బానిసలచేతనే గనులు త్రవ్వించెను. రేవున దిగిన ఖనిజమును చూచినవారికి దానిని త్రవ్విన చేతులు కనబడవు.

కూబాతో బాటు చిలీ దేశమునుండియు, 1840ల తరువాత దక్షిణ ఆస్ట్రేలియానుండియు ఖనిజము వచ్చుచుండెను. చిలీకి పోవు ఓడలు బొగ్గు నింపుకొని, దక్షిణ అమెరికా కొనయందలి హార్న్ అగ్రమును చుట్టిపోయి, ఖనిజముతో మరలివచ్చెడివి. పెనుగాలులకును మంచునకును పేరుపడిన దారి యది. ఆ దారిన పోయివచ్చిన నావికులకు ఊరిలో గొప్ప గౌరవముండెను. పోయి రానివారును అనేకులు. ఖనిజపు ఓడతో ఒక్కొక్కప్పుడు వ్యాధియు వచ్చెడిది. 1865లో హెక్లా యను ఓడ కూబా నుండి ఖనిజముతోబాటు పచ్చజ్వరమును మోయు దోమలను గూడ మోసికొనివచ్చెను. ఆ యేడు ఎండలు మిక్కుటముగ నుండుటచే అవి బ్రతికెను. కనీసము 27 మందికి జ్వరము సోకగా, 15 మంది మరణించిరి. దోమవలన ఈ జ్వరము వ్యాపించునను సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు.

రాగి పెరిగినకొలది ఊరి రూపు మారెను. లోయ ఎగువనుండి బొగ్గు దింపుటకు 1798 నాటికి 16 మైళ్ళ కాలువ పూర్తియయ్యెను. గోదావరి, కృష్ణ కాలువలపై లాకులు చూచినవారికి ఆ కాలువ తీరు సులభముగా తెలియును. ఎత్తైన లోయనుండి సముద్రమట్టమునకు పడవలను మెట్టుమెట్టుగా దింపు లాకులు అందు 36 ఉండెను. ఊరినుండి సముద్రతీరము వెంబడి మంబుల్స్ అను చోటికి పట్టాలు పరచి, 1807లో గుఱ్ఱములు లాగు బండ్లలో ప్రయాణికులను కూలికి ఎక్కించుకొనసాగిరి. చార్జీ పుచ్చుకొని మనుష్యులను చేరవేసిన రైలుమార్గములలో లోకమున ఇదియే మొదటిది. తరువాత ఆవిరితోను, 1929 మొదలు విద్యుచ్ఛక్తితోను నడిచి, 1960లో అది మూతపడెను. పోటు పాటులతో నిమిత్తము లేక ఓడలు ఎల్లవేళల నీటిపై నిలుచునట్లు 1852 మొదలుకొని తలుపులు గల రేవులను ఒకదాని తరువాత ఒకటి కట్టిరి.

పనివారి మాట. 18వ శతాబ్దము చివర మారిస్ అను యజమాని తన పనివారికొరకు కొండపై సుమారు 40 కుటుంబములు నివసించుటకు తగిన పెద్ద మేడ కట్టించెను. పిమ్మట తిన్నని వీధులతో మారిస్టన్ అను ఊరు కట్టించెను. వివియన్ వారు హవోడ్ ప్రక్కన పనివారికి ఇండ్ల వరుసలును, పిల్లలకు బడియు ఏర్పరచిరి. యజమాని కట్టిన యింట కాపురము, యజమాని పెట్టిన బడిలో చదువు, యజమాని కొలిమిలో కొలువు. ఇట్లు బ్రతుకంతయు ఒక్కచోట ముడిపడియుండెను. ఇందు భద్రతయు కలదు, బంధనమును కలదు. కొలిమిముందు ఎండిన చర్మము, చెమటతో తడిసిన బట్ట, దప్పి తీరని గొంతు, ఇవి వారి నిత్యానుభవము.

ఇప్పుడు పొగను గూర్చి చెప్పవలయును. నిప్పు లేనిదే పొగ రాదని మనము సామెతగా నందుము. స్వాన్సీలో వందల కొలుముల నిప్పు రేయింబవళ్ళు ఆరక మండెను. ఖనిజములోని గంధకము మండి, చొరరాని ఘాటుగల తెల్లని పొగయై లోయలో క్రమ్ముకొనెను. దానితో పాషాణపు ధూళియు కలిసెను. వాన చినుకుతో కూడి అది ఆమ్లమై నేలకు దిగెను. తూర్పుననున్న కిల్వీ కొండపై మొదట చెట్లు చచ్చెను, పిదప పొదలు, కడపట గడ్డియు చచ్చెను. వేళ్ళు పట్టియుంచని మన్ను వానకు కొట్టుకొనిపోయి, కొండ గండ్లు పడి, ఎముకలు తేలిన పశువువలె మిగిలెను. పొగ పడిన గడ్డి మేసిన పశువులకు కీళ్ళు వాచి, నడువలేక కూలెడివి.

రైతులు ఊరకుండలేదు. కొలుముల యజమానులపై వ్యాజ్యములు వేసిరి. 1833లో కార్మార్థన్ పట్టణమున వివియన్ వారిపై పెద్ద విచారణ జరిగెను. జూరీవారు యజమానుల పక్షముననే తీర్పు చెప్పిరి. పొగవలన హాని లేదనియు, అది అంటువ్యాధులను చంపుననియు వాదించిన వైద్యులు గూడ అప్పుడు కలరు. అయినను 1832లోను, 1849లోను కలరా స్వాన్సీకి రాకపోలేదు. పనివారును పొగను నిందించుటకు జంకిరి. కొలిమి పొగ ఆగినచో తమ యింటి పొయ్యి పొగయు ఆగునని వారి భయము. రైతు నేల పోయినదని యేడ్చుచుండ, అతని తమ్ముడే కొలిమిలో కూలి తెచ్చుకొనుచున్నచో ఇంటిలో మాట ఎట్లు కలియును? పరిశ్రమ వచ్చిన ప్రతిచోట ఈ చిక్కు కలదు.

వివియన్ వారు కేవలము చెవిని బెట్టకుండలేదు. 1820 ప్రాంతముననే పొగను అణచు ఉపాయము చెప్పినవారికి 1,000 పౌనుల బహుమానము ప్రకటింపబడెను. డేవీ, ఫారడే వంటి శాస్త్రజ్ఞుల సలహా పొందిరి. పొడవైన సొరంగములలో పొగను నడపి, నీటి జల్లులతో కడిగిరి. కొంత తగ్గినది, పూర్తిగా తగ్గలేదు. 1860లలో క్రొత్తరకపు కొలుములు తెప్పించి, పొగలోని గంధకమును పట్టి గంధకామ్లముగా మార్చి, దానితో పైరులకు ఎరువు చేసి అమ్మిరి. అర్ధశతాబ్దము గాలిలోనికి విడిచిన విషము సరకై కాసులు రాల్చినది. అయితే అప్పటికే కొండ బోడియైపోయెను.

బొగ్గున్న చోటికి ఖనిజము వచ్చుట స్వాన్సీకి ఎట్లు మేలు చేసెనో, ఆ న్యాయమే మారినప్పుడు అట్లే కీడు చేసెను. చిలీలోను అమెరికాలోను గనుల దగ్గరనే కొలుములు పెట్టిరి. బొగ్గు తక్కువ పట్టు పద్ధతులు వచ్చెను. వేల్సు పనివారే పోయి అనేక దేశములలో తమ విద్యను నేర్పిరి. ఖనిజమునకు బదులు సగము శుద్ధియైన రాగి, పిమ్మట పూర్తిగా శుద్ధియైన రాగియే ఓడలలో రాసాగెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన కొలది యేండ్లకే స్వాన్సీలో ఖనిజమును కరగించు పని అంతరించెను. రేకులు సాగదీయు పని మాత్రము మిగిలెను. పోటీదారులైన హవోడ్, మోర్వా యజమానులు 1924లో ఒక్కటైరి. ఆ పనియు 1980లో ఆగెను.

అయితే ఊరు ఒక్క రాగినే నమ్ముకొని యుండలేదు. తుత్తునాగము, సీసము, వెండి శుద్ధి చేసిరి. 1860లలో విలియమ్ సీమెన్స్ లాన్డోర్‌లో తన క్రొత్త పద్ధతిని ఉక్కు తీసెను. ఇనుప రేకునకు తగరపు పూత పూయు పరిశ్రమ ఇచ్చట మిక్కిలి వర్ధిల్లెను. కిరసనాయిలు డబ్బాలుగా మనమెరిగిన తెల్లరేకు అట్టిదే. 1891లో అమెరికావారు ఆ రేకుపై పెద్ద సుంకము వేయగా వేలమంది పని కోల్పోయిరి. పారసీక దేశపు నూనెను శుద్ధి చేయుటకు స్వాన్సీ చెంత 1922లో తెరచిన కర్మాగారము 1998 వరకు సాగెను. రెండవ ప్రపంచ యుద్ధమున 1941 ఫిబ్రవరి 19, 20, 21 తేదీల రాత్రులు మూడింట జర్మను విమానములు బాంబులు కురిపించి ఊరి నడిబొడ్డును కాల్చివేసెను. 230 మంది మరణించిరి. నేడు ఊరి నడుమ కనబడు వీధులు చాలవరకు ఆ తరువాత కట్టినవే.

కొలుములు ఆరినవి, చిట్టెము మిగిలినది. లాభము పంచుకొన్నవారు పోయిరి, వారి కంపెనీలు పేరులు మారెను. లోయలో మాత్రము చిట్టెపు గుట్టలు, కూలిన గోడలు, విషపు నేల నిలిచెను. 1960 నాటికి తావె లోయ దిగువ భాగమున సుమారు 800 ఎకరములు ఏ పనికిని రాక పడియుండెను. రైలులో ఊరికి వచ్చువారికి మొదట కనబడునది ఆ శ్మశానమే. ఎవరి నేల, ఎవరి చిట్టెము, ఎవరు ఖర్చు పెట్టవలయును అని తేలక యేండ్లు గడచెను.

1961లో అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలవారు ముందుకు వచ్చిరి. నగరపాలకులును, ప్రభుత్వమును, పరిశ్రమలవారును చేయి కలిపిరి. మొదట మన్నును, నీటిని, గుట్టలను, మనుష్యుల స్థితిగతులను శాస్త్రీయముగా పరీక్షించిరి. ఏ గడ్డి ఈ విషమునకు తాళును? పాత గనుల గుట్టలపై తరతరములుగా మొలచుచున్న గడ్డి జాతులు లోహపు విషమునకు అలవాటుపడినవని కనుగొని అట్టివానిని నాటి చూచిరి. సరళ వృక్షములను, భూర్జ వృక్షములను నాటిరి. సైనికులు వచ్చి పాడుగోడలను పడగొట్టిరి. 1967లో వారి నివేదిక వెలువడెను. అంతకు ముందటి సంవత్సరము అక్టోబరు 21వ తేదీన, వేల్సులోనే అబర్‌వాన్ అను గ్రామమున గని చెత్తగుట్ట జారి బడిపై పడి, 116 మంది పిల్లలతో సహా 144 మంది మరణించిరి. పాత గుట్టలను ఊరక విడువరాదని ఆ ఘోరము దేశమంతటికి తెలియజెప్పెను. గుట్టలను తొలగించుటకు ప్రభుత్వపు ధనము పిమ్మట ధారాళముగా వచ్చెను.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన విషయమొకటి కలదు. చెట్లు నాటు పనిలో బడిపిల్లలను చేర్చుకొనిరి. అంతకుముందు నాటిన మొక్కలను ఆకతాయిలు పెరికివేసెడివారు. తాము నాటిన మొక్కను, తమ తమ్ముడు నాటిన మొక్కను ఎవరు పెరుకుదురు? లక్షకు మించి మొక్కలు నాటబడెను. నేడు కిల్వీ కొండ పచ్చగా నున్నది. నూరేండ్లకు పైగా పొగ చంపిన కొండను మరల పచ్చన చేయుటకు ఒక తరము పట్టినది.

1969లో స్వాన్సీకి నగర హోదా లభించెను. రాగి రేకులు సాగదీసిన మోర్వా భూమిలో 2005లో క్రీడారంగము వెలసెను. ఆ యేడే రేవుకడ పరిశ్రమల చరిత్రమును చూపు జాతీయ ప్రదర్శనశాల తెరచిరి. హవోడ్‌లో కూలుచున్న పాత కట్టడములు కొన్ని బాగుచేయబడినవి. వైట్‌రాక్ శిథిలములు నది యొడ్డున నిలిచియున్నవి. నదిలో ఓడల బదులు హంసలు తిరుగుచున్నవి.

పెద్దలారా, పరిశ్రమ వలదని ఈ కథ చెప్పుట లేదు. 6,000 మంది గల రేవు 90,000 మందికి అన్నము పెట్టినది ఆ కొలుములే. రాగి లేనిదే నేడు మన యింట దీపము వెలుగదు, పొలమున మోటారు తిరుగదు. అయితే తావె లోయవారు 1717లో అడుగక 1961లో అడిగిన ప్రశ్న ఒకటి కలదు: పని ముగిసిన పిదప చిట్టెము నెవరు ఎత్తుదురు? ఏ యూరి పొలిమేరకైనను కొలిమి వచ్చినప్పుడు కూలి యెంత, నేలకు వెల యెంత అని బేరమాడుట సహజము. ఆ బేరములోనే ఈ ప్రశ్నను గూడ చేర్చి, జవాబును కాగితముపై వ్రాయించుకొనుట ఊరి పెద్దల పని. గుట్ట పెరిగిన పిమ్మట అడిగినచో జవాబు చెప్పువారు అక్కడ ఉండరు. స్వాన్సీలో ఆ ఖర్చు భరించినది కొలుముల సొంతదారులు కారు. వారి తరువాత పుట్టిన ప్రజలును, మొక్క చేతబట్టిన పిల్లలును.